దూది తాతయ్య

మా ఇంట్లో నిద్రపోతున్న మనిషిని ముట్టుకోకూడదు. వేరే ఇళ్లల్లో పిల్లలకు నిప్పు ముట్టుకోకూడదని నేర్పినట్టు మాకు ఇది నేర్పారు. గుమ్మం దగ్గరే ఆగాలి. చేతులు వెనక్కి పెట్టుకోవాలి. మెల్లగా పిలవాలి: "ఇల్లే నాన్నా. మన ఇల్లే." ఆయన కళ్లు తెరిచి ముందు పైకప్పునీ, తర్వాత తలుపునీ, ఆ తర్వాత మమ్మల్నీ చూసి "ఆఁ, ఇల్లే" అనేదాకా లోపల అడుగు పెట్టకూడదు.

నాన్న యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి. అక్కడి సంగతులు ఏవీ చెప్పేవాడు కాదు. మాకు తెలిసిందల్లా అమ్మ చెప్పిందే, అదీ తన సంగతి. పెళ్లయిన కొత్తలో ఒక పొద్దున భుజం తట్టి లేపబోయిందట. ఆయన కళ్లు తెరిచేలోపే ఆమె మణికట్టు విరిగింది. "నాకు ఏడవడానికి తీరికేదే? ఆయన్ని ఊరుకోబెట్టడంతోనే సరిపోయింది" అని నవ్వేది అమ్మ. ఆ రోజే ఆమె పక్క ఎదురు గోడ వారకి మారింది. ఎముక అతికింది గానీ మణికట్టు ఇప్పటికీ తిరగదు. అందుకే మా ఇంట్లో బట్టలు పిండేది నాన్న. "ఏం గురూ, ఇంటావిడ గట్టిదే!" అని వీధిలో వాళ్లు ఎగతాళి చేస్తే, దుప్పటి మెలితిప్పుతూనే "గట్టిదే. అందుకే ఇంకా ఉంది" అనేవాడు.

ఆయన పని పరుపులు కుట్టడం. సైనికుల ఆసుపత్రిలో నేర్పారట, చేతులకి పనుంటే మనసు కుదుటపడుతుందని. వీధి గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. దూది ఏకితే అన్నం గిన్నె మీద కూడా పొర కట్టేది. నాన్న పరుపు మీద పడుకుంటే ఎవరైనా కుంభకర్ణుడైపోతారని పేరు. ఆ పరుపులు కుట్టిన మనిషికి మాత్రం చీకటి పడితే కన్ను మూతపడదు. మధ్యాహ్నం వెలుతురులో కాస్త నడుం వాల్చేవాడు. అమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీకి పోయేది. తమ్ముళ్లు ఆడుతూ ఆడుతూ ఆ గదిలోకి దూరకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా. నా బడి ఎనిమిదో తరగతితో అలా అయిపోయింది.

మా ఆయన పనిచేసే గ్యారేజీ మా వీధి చివరే. అందుకని పెళ్లయ్యాక కూడా నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. మొదటి పొద్దున ఆయన్ని గుమ్మంలో నిలబడి పిలిచాను. "మీ ఇంట్లో మొగుణ్ణి లేపాలంటే దరఖాస్తు పెట్టుకోవాలా ఏంటి?" అన్నాడు. కాన్పయ్యాక పాపని పాలకి లేపమంటే మంచం కాళ్ల దగ్గర నిలబడి "ఇల్లే తల్లీ" అంటున్నాను. నర్సు పడీ పడీ నవ్వింది. "అది నీ బిడ్డమ్మా, కలెక్టరు కాదు. బుగ్గ తట్టు!" ఒక్క వేలితో తాకి, చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

నాన్న దానికి పిచ్చుక అని ముద్దుపేరు పెట్టాడు. నడక వచ్చిన దగ్గర్నుంచీ దానికి ఒకటే సరదా, పడుకున్న వాళ్ల గుండెల మీదికెక్కి బుగ్గలు వాయించడం. వాళ్ల నాన్నకి అదే పండగ. నాకు గుండెల్లో రాయి. ఎన్నిసార్లు చెప్పినా బుర్ర ఊపేది, మరుక్షణం మర్చిపోయేది.

ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర నుంచి వచ్చేసరికి, పిచ్చుక నాన్న మంచం మీదికి ఒక కాలు వేసి ఎక్కబోతోంది. దాన్ని లాగేసి నేను పెట్టిన కేకకి నాన్న లేచాడు. నన్ను చూశాడు, దాన్ని చూశాడు, అప్పటికే బిగిసిపోయిన తన పిడికిలి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన వంటింట్లో నాతో అన్నాడు. "మామయ్య దేవుడే, కాదనను. కానీ ఆ చేతికి మనవరాలో శత్రువో తెలియదుగా!"

"మెల్లగా అనండి, వింటారు."

"విన్నాలే తల్లీ" అన్నాడు నాన్న కొట్టులోంచి. "అల్లుడన్నదాంట్లో తప్పేముంది? నా గది తలుపుకి బయట గడియ పెట్టించు. దానికి అందనంత పైన."

మా ఆయనే తెచ్చి బిగించాడు. తల ఎత్తలేదు. "మామయ్యా, ఏమీ అనుకోకండి."

"వంకరగా బిగించకు, చాలు."

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం "జైలరమ్మా, ఇక వెయ్యి" అని లోపలికి వెళ్లేవాడు. నేను గడియ వేసేదాన్ని. మెలకువ వచ్చాక లోపల్నుంచి తలుపు తట్టేవాడు.

తర్వాత కొన్నాళ్లు మిగతా పనులు పక్కనపెట్టి ఏదో కుట్టాడు. చూస్తే మనిషి! తనంత పొడుగు, కాళ్లూ చేతులూ దట్టంగా కూరిన దూది. తన పాత గళ్ల చొక్కా కూడా తొడిగాడు. "పిచ్చుకా, ఇది నేనే. నేను పడుకున్నప్పుడు దీన్నెక్కు. గుద్దు, కొరుకు, నీ ఇష్టం. ఇది లేవదు, ఉలిక్కిపడదు."

అది దూది తాతయ్య గుండెల మీద బోర్లా పడి ఇకఇకలాడుతుంటే, పీట మీద కూర్చున్న నాన్న దబ్బనం సగంలో ఆపేసి చూస్తూ ఉండిపోయాడు.

"పెళ్లయిన కొత్తలో నాకెందుకు కుట్టివ్వలేదు ఇలాంటిది?" అంది అమ్మ.

"అప్పటికి పని ఇంత బాగా రాదే" అన్నాడు.

అమ్మకి ఫ్యాక్టరీ సెలవైన ఒక రోజు, మధ్యాహ్నం దాటినా తలుపు చప్పుడు కాలేదు. ఎండ కిటికీ దాటిపోయింది. "ఈ మధ్య బాగానే నిద్ర పడుతోంది, పడుకోనీవే" అంది అమ్మ. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషంగానే ఉంది. మా ఆయన టీకి ఇంటికొచ్చి "మామయ్య ఇంకా లేవలేదా?" అన్నాక గడియ తీశాను.

నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డాను, చేతులు వెనక్కి పెట్టుకుని.

"ఇల్లే నాన్నా. మన ఇల్లే."

ఇంకోసారి పిలిచాను. ఇంకాస్త గట్టిగా పిలిచాను. గుమ్మం దాటడానికి నా కాలు రాలేదు. అంతలో నా చీర పక్కనుంచి పిచ్చుక తుర్రుమని లోపలికి దూరింది. కేక వెయ్యబోయి నోరు నొక్కుకున్నాను. అరిస్తే ఉలిక్కిపడి లేస్తాడు. అది మంచమెక్కింది. గుండెల మీదికి పాకింది. కళ్లు మూసుకున్నాను.

బుగ్గల మీద చిన్న చేతుల చప్పుడు. "తాతయ్యా! తాతయ్యా!" మళ్లీ అదే చప్పుడు. ఆ తర్వాత కిలకిలా నవ్వు.

"అమ్మా, తాతయ్య దూది తాతయ్య అయిపోయాడు!"

కళ్లు తెరిచాను. పరుపు మీద నాన్న చెయ్యి పక్కకి వాలి ఉంది. నిద్రలో ఆ పిడికిలి విప్పి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన పాపని ఎత్తుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. అమ్మ ఏడవలేదు. ఎదురు గోడ వారనున్న తన పక్కని ఈడ్చుకొచ్చి మంచం మీద, ఆయన పక్కనే పరిచింది. సరిచెయ్యడానికి ఆ మణికట్టు తిరగదు. మూలలు మడతపడ్డాయి. అలాగే వదిలేసింది.

"అమ్మా, ఇప్పుడు అందరూ వస్తారే."

"రానీ."

ఆయన వైపు తిరిగి పడుకుంది. ఆ తిరగని చేతిని ఆయన భుజం మీద వేసింది, ఎప్పుడో తట్టబోయిన చోట. కాసేపు అలా ఉండి, నా వైపు చూడకుండానే అంది.

"ఆ గడియ వెయ్యవే."

వేశాను. లోపల్నుంచి ఎవరో ఒకరు తలుపు తట్టేదాకా బయటే నిలబడి ఉన్నాను.