ఊరికే ఇచ్చిన సొమ్ము

నేను కాటాలు బాగుచేస్తాను. కొట్లో బల్ల మీద పెట్టుకునే చిన్న కాటా దగ్గర్నుంచి లారీ ఎక్కే పెద్ద కాటా దాకా ఏదైనా సరే. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ పనిలో మొదట వంటబట్టేది మరలు బిగించడం కాదు, మనుషుల్ని నమ్మకపోవడం. "మా కాటా పక్కాగా ఉంటుందండీ, ఊరికే ఒకసారి చూసి ముద్ర వేసేయండి" అని ఎవరైనా నవ్వుతూ అన్నారంటే, ఆ కాటా యాభై కిలోలకి పావుకిలో తింటోందన్నమాట.

అందుకే మా బావ నా బాకీ తానే కట్టేస్తానన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఎక్కడో ఏదో తింటోందనిపించింది.

బాకీ సంగతి ముందు చెప్పాలి. సొంతంగా ఎలక్ట్రానిక్ కాటాల అమ్మకం మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాను. బ్యాంకుకీ, సరుకిచ్చిన కంపెనీకీ, ఒక ఫైనాన్స్ వాళ్లకీ కలిపి తీర్చలేనంత పడ్డాను. చివరికి అప్పుల ఒప్పందాలు చూసే ఆఫీసుకి వెళ్లాను. అక్కడి ఆఫీసరమ్మ ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక ఒప్పందం రాయించింది. ఐదేళ్లపాటు నెలనెలా ఇంత అని కట్టాలి, కడితే మిగతాది వాళ్లు వదిలేస్తారు. ఆ ఐదేళ్లూ కొత్త అప్పు చేయకూడదు. ఇంట్లో ఫ్రిజ్ మార్చాలన్నా ఆమెకి చెప్పాలి. పైగా నా పేరు ఒక జాబితాలో ఉంటుంది, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. ముప్పై రెండు వాయిదాలు పళ్లబిగువున కట్టాను. ఇంకా ఇరవై ఎనిమిది ఉన్నాయి.

అంతలో టోకు మార్కెట్ వాళ్లు తమ కిందున్న దుకాణాల కాటాలన్నీ ఒకే మనిషికి అప్పగిస్తామని ప్రకటన ఇచ్చారు. నూట ఎనభై కాటాలు, మూడేళ్ల పని. అది దొరికితే ఇంకొకడి కొట్లో దినకూలికి వంగి పనిచేసే ఖర్మ తప్పుతుంది, మూసేసిన నా కొట్టు మళ్లీ తెరవచ్చు. కానీ జాబితాలో పేరున్నవాళ్లు దరఖాస్తు పెట్టడానికి లేదు. గడువు నెలాఖరు.

ఆఫీసరమ్మని అడిగితే ఒక దారి చెప్పింది.

"మీ వాళ్లెవరైనా ఒకేసారి కొంత మొత్తం ఇస్తే ఒప్పందం ముందే ముగించొచ్చండీ. పద్దెనిమిది వాయిదాల డబ్బుకి అప్పులవాళ్లు ఒప్పుకుంటారనుకుంటున్నా. కానీ అది మీకు ఊరికే ఇచ్చింది అయ్యుండాలి. అప్పుగా ఇస్తే కుదరదు, పాత అప్పు పోయి కొత్త అప్పు వచ్చినట్టవుతుంది. మళ్లీ అడగనని, బదులుగా ఏమీ కోరనని ఇచ్చినవాళ్లు పత్రం మీద సంతకం పెట్టాలి."

పద్దెనిమిది నెలల డబ్బు ఊరికే ఇచ్చే మనిషి మా చుట్టాల్లో పుట్టలేదని ఆమెకేం తెలుసు. ఇంటికొచ్చి నా భార్య దగ్గర నిట్టూర్చాను. ఆమె మా అక్క చెవిన వేసింది. మూడోరోజు పొద్దున బావ ఫోన్ చేశాడు.

"ఎంత కావాలి?"

చెప్పాను.

"సరే, నేనిస్తా. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు" అని పెట్టేశాడు. ఫోన్ ఖర్చు కూడా మిగుల్చుకున్నాడు.

బావది పాత ఇనుము వ్యాపారం. విరిగిన కుర్చీలోంచి మేకులు పీకి, వంకర తీసి, డబ్బాలో దాచుకునే మనిషి. కరెంటు బిల్లు వచ్చిన కవర్లు తిరగేసి లెక్కలు రాసుకుంటాడు. నాకు టీ ఇప్పించినా, ఒక్కటే చెప్పి, ఖాళీ కప్పు అడిగి అందులో సగం పోయిస్తాడు. అలాంటి మనిషి బేరం కూడా ఆడకుండా సరే అన్నాడు. నాకు అన్నం సహించలేదు.

"మీకు ఎవరైనా మంచినీళ్లిచ్చినా వాసన చూసి గానీ తాగరు" అంది నా భార్య. "ఇస్తానన్నాడు కదా, తీసుకోండి."

"ఎందుకిస్తున్నాడో తెలియొద్దా?"

"తెలిసి ఏం చేస్తారు? వద్దంటారా?"

వద్దనే స్తోమత నాకు లేదు, ఒళ్లు మండేది అందుకే.

మార్కెట్ ప్రకటన తీసి మళ్లీ మొదట్నుంచీ చదివాను. మూడో పేజీలో దొరికింది. నూట ఎనభై కాటాల్లో మార్కెట్ వెనకున్న పాత ఇనుము కొట్లవి పద్నాలుగు. వాటిలో బావవి రెండు. మూడేళ్లపాటు వాటిని చూసి, సరిగ్గా ఉన్నాయని ముద్ర వేయాల్సింది నేనే.

దాంతో పన్నెండేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. బావ కొత్తగా కొట్టు పెట్టిన రోజులు. ఇనుము కొనేవాడికి కాటా తక్కువ చూపిస్తే లాభం. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "వంద కిలోలకి ఒక కిలో తక్కువ చూపించేలా పెట్టు" అన్నాడు. అక్క మొగుడు అడిగాడు, కాదనలేకపోయాను. మారు మాట్లాడకుండా పెట్టి, కూలి కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఆ తర్వాత బావ నన్ను కాటా పనికి మళ్లీ పిలవలేదు. వేరేవాడెవడో వచ్చిపోతున్నాడని తెలిసింది. ఒక కిలో చాలక ఇంకా దింపించుకుంటున్నాడు, నా ఎదుట అడగడానికి మొహం చెల్లలేదు అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు లెక్క తేలింది. నా బాకీ కట్టడం లేదు, నా ముద్ర కొంటున్నాడు.

అలా అనిపించాక మనసాగలేదు. ఒక మధ్యాహ్నం తూనికరాళ్లు బండిలో వేసుకుని బావ కొట్టుకి వెళ్లాను. అవి మామూలు రాళ్లు కావు, ఇరవై కిలోలవి ఐదు, ఏటా ముద్ర వేయించుకుని గుడ్డలో చుట్టి దాచుకుంటాను. బావ ఆ వేళకి భోజనానికి వెళ్తాడని నాకు తెలుసు. చిన్న గదిలో అక్క బిల్లుపుస్తకం ముందు కూర్చుని ఉంది.

"ఏరా, సామాను వేసుకుని వచ్చావు?"

"ఊరికే. మీ కాటా ఒకసారి చూద్దామని."

అక్క మొహం విప్పారింది. "చూడరా. నువ్వు దాని మీద చెయ్యేసి ఎన్నేళ్లయింది. మీ బావకి చెబితే ఎంత సంతోషిస్తాడో."

"చెప్పకులే" అన్నాను. ఆమె దాన్ని మొహమాటం అనుకుంది. లోపలికెళ్లి నాకు తాగడానికేదో కలపడం మొదలుపెట్టింది.

నేల కాటాని చూసే పద్ధతి ఒకటుంది. రాయిని ముందు నడిమధ్య పెట్టాలి. తర్వాత నాలుగు మూలలా పెట్టాలి. మోసం చేసినవాడు మధ్యలో సరిచేసి మూలల్లో వదిలేస్తాడు, అక్కడే దొరుకుతాడు. మధ్యలో పెట్టాను, ఇరవై. ఒక్కో మూలా పెట్టాను. ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై. ఐదు రాళ్లూ ఎక్కించాను. వంద. రెండో కాటా కూడా చూశాను, అదీ అంతే.

నాకు నమ్మకం కుదరలేదు. చేత్తో నొక్కితే మారే బటన్ ఏదో అడుగున పెట్టించి ఉంటాడని నేల మీద బోర్లా పడుకుని, రేకు విప్పి, టార్చి వేసి వెతకడం మొదలుపెట్టాను. తీగలు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తున్నాను. పక్కన ఎప్పుడొచ్చాయో రెండు చెప్పులు కనిపించాయి.

"దొరికిందా?" అన్నాడు బావ.

లేచి కూర్చున్నాను. అక్క గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్క చూడమంటేనూ..." అని నీళ్లు నమిలాను.

ఆ అబద్ధం అక్క వింది. గ్లాసు అక్కడే గట్టు మీద పెట్టింది.

బావ ఇనపపట్టీల కట్ట మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నువ్వు పెట్టిన ఆ కిలో వారం రోజులుంది" అన్నాడు. "ఒక ముసలాయన తోపుడుబండి మీద రేకులు తెచ్చాడు. ఇంకోచోట తూయించుకునే వచ్చాడు. నా కాటా చూశాడు, నన్ను చూశాడు. ఒక్క మాటనకుండా రేకులన్నీ మళ్లీ బండికెత్తుకుని పోయాడు. మర్నాడే సరిచేయించా. పెట్టమన్న నోటితో తీసెయ్యమనడానికి సిగ్గేసి నిన్ను పిలవలేదు, వేరేవాణ్ణి పిలిచా."

"ఏ కిలో?" అంది అక్క.

అక్క ఆయన వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. ఆమెకి కాసేపట్లోనే అర్థమైంది. పన్నెండేళ్లుగా ఆ కాటా పక్కన కూర్చుని బిల్లులు రాస్తున్న మనిషి.

అప్పుడైనా నేను నోరుమూసుకోవాల్సింది. నా బుద్ధి ఊరుకోనిచ్చిందా. "మరి ఇప్పుడు నాకెందుకిస్తున్నారు బావా?" అని అడిగాను.

ఆయన చేతికంటిన తుప్పు దులుపుకున్నాడు.

"మన మధ్య ఎన్ని గొడవలొచ్చాయి. మీ నాన్న పోయినప్పుడు, ఆయన కొట్టు పంచుకున్నప్పుడు. ప్రతిసారీ ఈ మాట మీ అక్క ముందు ఎత్తుతావనే చూశా. ఎత్తలేదు. వీడికి ఇవ్వక ఇంకెవరికిస్తాననుకున్నా." నేను విప్పిన రేకు వైపు చూపించి, "ఇవాళ ఎత్తావు" అన్నాడు.

రాళ్లు బండికెత్తుకున్నాను. ఎప్పుడూ మోసేవే, ఆరోజు ఒక్కొక్కటీ ఎత్తడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది. గేటు దాకా ఎవరూ రాలేదు.

ఆ తర్వాత ఐదురోజులు నాకు పని మీద ధ్యాస లేదు. అప్పులవాళ్లు ముగ్గురూ ఒప్పుకున్నారని ఆఫీసు నుంచి కబురొచ్చింది. డబ్బిచ్చే ఆయన్ని తీసుకుని ఇరవై ఏడున రమ్మన్నారు. అక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా భార్య చేస్తే ఎత్తి, "వస్తాం" అని మాత్రం అంది. రారని నాకు గట్టిగా అనిపించింది. అప్పటికీ నాకు అనుమానమే, సిగ్గులేకుండా. వచ్చి ఆఫీసరమ్మ ముందు కాదంటాడేమో, నన్ను నిలబెట్టి కడిగేస్తాడేమో అని కూడా అనుకున్నాను.

చెప్పిన టైముకి పది నిమిషాల ముందే వచ్చారు. అక్క నా పక్కనున్న కుర్చీ వదిలేసి అవతల కూర్చుంది. బావ బ్యాంకు చెక్కు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పైసా తక్కువ లేదు.

ఆఫీసరమ్మ పత్రం పైకి చదివింది. "నా భార్య తమ్ముడైన ఇతనికి ప్రేమాభిమానాలతో ఈ మొత్తాన్ని ఉచితంగా ఇస్తున్నాను. దీన్ని తిరిగి అడగను. దీనికి బదులుగా అతని నుంచి ఇప్పుడు గానీ ఇకముందు గానీ ఏదీ కోరను." చదివి, "ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అండీ?" అని అడిగింది.

"ఆ" అన్నాడు బావ. పత్రం తనవైపు తిప్పుకుని మొదటి వాక్యం మీద వేలు పెట్టాడు. "ఈ ప్రేమాభిమానాలు అనేది తప్పకుండా ఉండాలామ్మా?"

ఆమె తలెత్తి చూసింది. "అంటే... అది మామూలుగా రాసేదండీ. లేకపోయినా చెల్లుతుంది. తిరిగి అడగనన్నదే ముఖ్యం."

"అయితే స్కేలొకటి ఇవ్వండి."

ఆమె సొరుగులోంచి తీసి ఇచ్చింది. బావ దాన్ని ఆ మాట మీద సరిగ్గా ఆనించి, వంకర పోకుండా ఒక గీత గీశాడు. కింద సంతకం పెట్టాడు. అక్క సాక్షి సంతకం పెట్టింది. "బావా" అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టుకుంటున్నాడు.

"ఇంకేం లేదు, మీరు ఇవాళ్టితో ఈ ఒప్పందంలోంచి బయటపడ్డట్టే" అంది ఆఫీసరమ్మ నాతో. "సాయంత్రానికి జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఒక్క పనుంది. కొట్టివేత ఉన్నచోట ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ పొట్టి సంతకం పెట్టాలి. మార్పు మీకు తెలిసే జరిగిందని."

బావ పెట్టి, పత్రం నా ముందుకి జరిపాడు. గీత కింద అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. దాని పక్కన నేనూ సంతకం పెట్టాను.