పచ్చ తువ్వాల

ఎనిమిది మంచాల దుప్పట్లు మార్చాలి. బాత్రూం జాలీలో ఇరుక్కున్న వెంట్రుకలు తీయాలి. పైమంచం పిల్లలు వదిలేసిన బిర్యానీ డబ్బాలు పారేయాలి. ఉతికిన దిండు గలీబులు డాబా మీద ఆరేయాలి. మూలన కిందిమంచంలో ఉండే మార్తమ్మకు చాయ్ తేవాలి.

చీపురు పట్టగానే యశోద రోజూ ఇవన్నీ ఒకసారి మనసులో అనుకుంటుంది. ఈరోజు చివరి పని దగ్గర ఆగిపోయింది. మార్తమ్మ మంచం పరదా ఇంకా తెరుచుకోలేదు.

లాడ్ బజార్ సందులో, గాజుల దుకాణం పైన ఉంటుంది ఆ డార్మిటరీ. దేశదేశాలు తిరిగేవాళ్లు తక్కువలో అవుతుందని దిగి, రెండు మూడు రాత్రులుండి పోతారు. మార్తమ్మ ఎండాకాలంలో పోర్చుగల్ నుంచి వచ్చింది, వానలు పడుతున్నా ఉండిపోయింది. డెబ్బై దాటిన మనిషి. అందరూ పిలవడం విని తానూ "చాయ్ తాగినవా, యశోదక్కా?" అంటే గదంతా నవ్వేది.

"ఇంత దూరమొచ్చి గీ ఇరుకు మంచంల ఎందుకుంటవమ్మా?" అని ఒకసారి మేనేజర్ అనురాగ్ చేత అడిగించింది యశోద. మార్తమ్మ ఇంట్లో రాత్రిపూట ఏ చప్పుడూ ఉండదట. ఇక్కడ పక్కవాళ్ల ఊపిరి వినబడుతుందట. అది వింటూ నిద్రపోతుందట.

యశోదకేమో నిద్రపోయేవాళ్లంటే భయం. భర్త మొగులయ్య రాత్రంతా పాలవ్యాను నడిపి పొద్దున పడుకునేవాడు. బహదూర్‌పురా ఇంట్లో ఒకరోజు "బాపును లేపొద్దు, లొల్లి చేయొద్దు" అని పిల్లల్ని బయటికి తోలి, వంట చేసుకుని, మధ్యాహ్నం దాకా ఊరుకుంది. అన్నానికి లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది. ఆ తర్వాత ఆమెకు దొరికిన పని, పడుకున్నవాళ్ల మధ్య తడిగుడ్డ పెట్టడం. తుడుస్తూ ఒక్కో దుప్పటినీ చూస్తుంది. దుప్పటి పైకీ కిందికీ కదిలితేనే తర్వాతి మంచానికి జరుగుతుంది.

పరదా వేస్తే దుప్పటి కనబడదు. వేసిన పరదా అంటే గొళ్లెం పెట్టిన తలుపని అక్కడి కట్టుబాటు. ఇదివరకటి పనివాడు మున్నా ఒకసారి తీశాడు. ఆ మంచంలోవాళ్ల ఫోన్ పోయిందన్నారు. మర్నాటి నుంచి మున్నా రాలేదు. అందుకే యశోద తనకొక గుర్తు పెట్టుకుంది. మార్తమ్మ అందరికంటే ముందు లేచి, గంధం సబ్బుతో స్నానం చేసి, పచ్చ తువ్వాలను పరదా కడ్డీకి ఆరేస్తుంది. అది తడిగా ఉంటే మనిషి లేచినట్టే.

యశోద చెయ్యి చాపి తువ్వాలను ముట్టుకుంది. తడిగానే ఉంది. కాస్త కుదుటపడింది.

దుప్పట్లు మార్చింది. చాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టి పిలిచింది. పలుకు లేదు. గలీబులు ఆరేసి వచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టింది.

"అనురాగ్ తమ్మీ, మార్తమ్మ ఇంకా లేవలే."

"తువ్వాల చూసినవా?" అన్నాడతను ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆమె గుర్తు సంగతి అతనికీ తెలుసు.

"తడిగనే ఉంది."

"మరింకేంది ఫికర్? తానం జేసి మళ్ల పండుకుంది. నువ్వు పండుకున్నోళ్లకు చౌకీదార్‌వా అక్కా?"

యశోద తడిగుడ్డ అందుకుంది.

మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. మూల దాకా తుడిచి వెనక్కి చూస్తే, తుడిచిన చోటే నేల మీద కొత్త చుక్క. ఇంకోటి పడింది. తలెత్తింది. ఏసీ గొట్టం నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా తువ్వాల మీద పడుతున్నాయి, దాని అంచు నుంచి నేలకు జారుతున్నాయి. కడ్డీ మీంచి తువ్వాల తీసి ముఖానికి ఆనించుకుంది. గంధం వాసన లేదు. వట్టి నీళ్ల వాసన.

అనురాగ్‌ను పిలవాలనుకుంది. మున్నా గుర్తొచ్చాడు. పిల్లల ఫీజు గుర్తొచ్చింది. పరదా తీసింది.

మార్తమ్మ గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. యశోద దుప్పటి వైపే చాలాసేపు చూసింది.

పోలీసులొచ్చారు. సంచీ, పాస్‌పోర్టు, చెప్పులు ఒక కవర్లో వేశారు. యశోద గోడకు ఆనుకుని వాళ్లలో పెద్దాయనను ఒకే మాట అడిగింది.

"ఎప్పుడు పోయింది సార్? నేను రాకముందా, వచ్చినంకనా?"

"పోస్టుమార్టంల తెలుస్తది. నీకెందుకమ్మా?"

వాళ్లు మెట్లు దిగాక అనురాగ్ దగ్గరికొచ్చాడు. "పరదా నేనే తీయమన్ననని చెప్పిన అక్కా. భయపడకు."

యశోద తలూపింది. ఆమె భయం పరదా గురించి కాదని అతనికి చెప్పలేదు. పోస్టుమార్టంలో తేలింది తనకు చెప్పడానికి ఈ మెట్లెక్కి ఎవరూ రారని ఆమెకు తెలుసు.

తువ్వాల ఇంకా ఆమె చేతిలోనే ఉంది. డాబా మీద ఎండకు పూర్తిగా ఆరబెట్టి, తెచ్చి మళ్లీ అదే కడ్డీకి వేసింది, చుక్క పడని వైపుకు జరిపి. ఎప్పుడైనా మీరు ఆ గాజుల దుకాణం పక్క మెట్లెక్కితే, ఆ పచ్చ తువ్వాలను ఒకసారి ముట్టుకుని, మార్తమ్మను తలుచుకోండి.