మాడని అన్నం

తల్లి వదిలేసి పోతే ఇద్దరు పిల్లలు తమ బతుకు తామే ఎలా నెట్టుకొచ్చారన్న కథతో కురమోచి అనే డైరెక్టరు మా రేవులో సినిమా తీశాడు. టోక్యో నుంచి తెచ్చిన బాలనటులు చేపల కంపు పడక రెండో రోజే వెళ్ళిపోవడంతో మా వీధి పిల్లల్నే తీసుకున్నాడు. పదకొండేళ్ళ చిజురు, ఆమె తమ్ముడు ఆరేళ్ళ గెంతా. వాళ్ళ నాన్న ట్యూనా చేపల పడవ మీద నెలల తరబడి సముద్రంలోనే ఉంటాడు. అమ్మ సనాయె చేపల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేస్తుంది.

షూటింగు వాళ్ళ పక్కనే ఉన్న మా వంటింట్లో. కథ ప్రకారం అక్క మొదటిసారి అన్నం వండి మాడబెట్టాలి, ఇద్దరూ ఏడుస్తూ తినాలి.

చిజురు మూత తీసింది. అన్నం తెల్లగా మెరుస్తోంది.

"కట్. మాడాలమ్మా," అన్నాడు కురమోచి.

"ఎందుకు మాడాలి? నీళ్ళు కొలిచే పోశాగా."

"నీకు వంట రాదు కదా. ఎవరూ నేర్పలేదు."

"నాకు మాత్రం ఎవరు నేర్పారు? బియ్యం సంచీ మీద రాసుంది, చదివాను. మీ కథలో పిల్లకి చదువు రాదా?"

రెండోసారి మంట పెంచమన్నాడు. ఆయన అటు తిరగ్గానే తగ్గించేసింది. అడిగితే, "చెయ్యి దానంతటదే పోయింది," అంది. మూడోసారి ఆయనే దగ్గరుండి మాడబెట్టాడు. గెంతా అడుగంటిన పెచ్చు గీక్కుని కరకరా నమిలాడు.

"ఏడవాలి నాన్నా."

"బాగుంటే ఎలా ఏడుస్తారు?"

మధ్యాహ్నానికి సినిమావాళ్ళంతా మా ముల్లంగి ఊరగాయతో మూడు గిన్నెల అన్నం ఖాళీ చేశారు. కురమోచి చాప మీద చతికిలబడ్డాడు.

"నిజం చెప్పు, నువ్వు మొదటిసారి వండినప్పుడు ఏమైంది?"

చిజురు గిన్నెలు సర్దడం మొదలెట్టింది. తమ్ముడే చెప్పేశాడు. "సబ్బుతో కడిగింది బియ్యం."

"కడగమనే రాసుంది. దేంతోనో రాయలేదు."

"అయినా తిన్నాం. త్రేన్పితే నా నోట్లోంచి బుడగ వచ్చింది."

"రాలేదు."

"వచ్చింది. నువ్వు పడీపడీ నవ్వలేదూ?"

కురమోచి గుడ్డు తెల్లసొన గిలక్కొట్టించి, నురగ చేయించి, ఆ బుడగల సీనే తీశాడు. ఒక్క టేకులో అయిపోయింది. పిల్లలు నిజంగానే దొర్లి దొర్లి నవ్వారు.

షిఫ్టుల మధ్య వచ్చిన సనాయె, రబ్బరు బూట్లతో గుమ్మంలో నిలబడి అంతా విందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు రెండో షిఫ్టుకి వెళ్ళవుగా," అంది చిజురు.

సనాయె గుమ్మంలోనే కూర్చుని బూటు లాగింది. అది రాలేదు. గెంతా పట్టుకుని లాగేసరికి ఇద్దరూ చెరోవైపు వెల్లకిలా పడ్డారు. అప్పుడు నవ్వింది. చేతులు చేపల జిగురుగా ఉన్నాయని మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

మరుసటి నెల నుంచి రెండో షిఫ్టు మానేసింది. చిజురు వారం రోజులు మొహం ముడుచుకునే తిరిగింది.

"ఇంట్లో నా మాట ఎవరూ వినట్లేదు పిన్నీ," అంది నాతో.

"పోనీ, పోయి ఆడుకోవే."

"ఏం ఆడాలి?"

నిజంగా తెలియకే అడిగింది. వీధి చివర పిల్లలు తాడాట ఆడుతున్నారు. కాసేపు చూసి, తాడు తిప్పడం అలా కాదని వాళ్ళకి చెప్పడానికి వెళ్ళింది.