వెల్యాన్ బిడ్డకు జబ్బు

వెల్యాన్ ఇంట పుట్టిన ప్రతి బిడ్డనీ తాతల నాటినుంచీ తాస్కో ఇంటివాళ్ళే జ్ఞానస్నానం నాడు నీళ్ళలో ముంచి పేరు పెట్టారు. ఆ పేరేమిటో కన్నవాళ్ళకైనా ముందు తెలియదు. ముంచిన జ్ఞానతండ్రి నోటే వినాలి. ఆ వరస తెంచుకున్న ఇల్లు నిలవదని మనస్తీర్ కొండపల్లెల్లో అందరి నమ్మకం.

ఊళ్ళో ఉన్నది ఒక్క గుడి. ఆ సీమనేలే తురకల సుల్తాను పట్టు సడలేకొద్దీ దానికోసం కొట్లాటలు పెరిగాయి. గ్రీకు ప్రార్థన కావాలని కొందరు, బల్గారు ప్రార్థనని కొందరు. చివరికి గుడికి తాళం పడింది. తాస్కో గ్రీకు పార్టీ, వెల్యాన్ బల్గారు పార్టీ. ఇళ్ళల్లో అందరూ మాట్లాడేది మాత్రం ఒకటే భాష.

వెల్యాన్‌కి కొడుకు పుట్టాడని తెలిసి కొండ మీంచి బల్గారు తుపాకులవాళ్ళు దిగారు.

"పొరుగూరు తీసుకుపోయి మన గుడి గురువు చేత జ్ఞానస్నానం చేయించు. ఆ గ్రీకు పార్టీవాడి చెయ్యి పడిందో, నీ కొంప ఉండదు."

పాత జ్ఞానతండ్రి సరేనంటేనే కొత్తవాణ్ణి పెట్టుకోవాలి. వెల్యాన్ తాస్కో ఇంటికెళ్ళాడు. ముసలాయన సారా పోశాడు. వెల్యాన్ గిన్నెని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"సరే అన్నాలే, పో," అన్నాడు తాస్కో తనే. "మావాళ్ళూ వచ్చారు. నీ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతారట."

వెల్యాన్ లేచాడు గాని గుమ్మం దాటలేకపోయాడు.

"నన్ను ముంచింది నువ్వే కదా పెద్దయ్యా."

"ముంచాను. పందిపిల్లలా అరిచావు." ముసలాయన మీసం తుడుచుకున్నాడు. "బిడ్డ ఎలా ఉన్నాడు?"

"దుక్కలా ఉన్నాడు."

"కాదు. దగ్గుతున్నాడు."

"లేదు పెద్దయ్యా, నిక్షేపంలా..."

"ఒరే మొద్దూ! చావుబతుకుల్లో ఉన్న బిడ్డకి గుడీ వద్దు, గురువూ వద్దు. దగ్గరున్నవాడెవడైనా ముంచొచ్చు. అడ్డొచ్చినవాడికి పాపం, వాడు ఏ పార్టీ అయినా సరే."

ఇద్దరూ పరుగులాంటి నడకతో వెళ్ళారు. "జబ్బెవరికి? మీ నోళ్ళు పడ!" అని వెల్యాన్ పెళ్ళాం సెవ్దా తిట్టింది. అసలు సంగతి చెవిన పడగానే వాకిట్లోకొచ్చి గుండెలు బాదుకుంది. "నా బిడ్డ దక్కడమ్మో!"

రెండు పార్టీల ఇళ్ళవాళ్ళూ గోడల మీంచి తొంగిచూశారు. తాస్కో పిండి పిసికే తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోయించాడు. ఎద్దుల్ని అదిలించే ఆ ఊరిమాటలోనే దేవుణ్ణి పిలిచి మూడుసార్లు ముంచాడు.

"నౌమ్," అన్నాడు.

వెల్యాన్ ఆ పేరు పెదాల మీద ఒకసారి అనుకుని చూసుకున్నాడు. బిడ్డ ఊరదిరేలా కేక పెట్టాడు.

"చచ్చే పిల్లాడి గొంతేనటయ్యా ఇది?" అంది పక్కింటి ముసలమ్మ.

"జబ్బమ్మా. చాలా జబ్బు," అన్నాడు వెల్యాన్ కొండ వైపు చూస్తూ.

ముసలమ్మ వాళ్ళది గ్రీకు పార్టీయే. ఆవిడ గోడ దిగి వచ్చి బిడ్డను కప్పడానికి తన ఉన్ని శాలువా ఇచ్చింది.

"అవునవును," అంది, అందరికీ వినబడేలా. "ఒళ్ళు కాలిపోతోంది."