కళ్లు మూసుకుని ఎక్కిన చెట్టు

హేమ్లా జోగయ్య తన జీలుగు కల్లు చెట్టు మీద ఇన్నేళ్లలో ఎవరినీ కత్తి పెట్టనియ్యలేదు. గెలను రోజూ గీయకపోతే కల్లు ఆగిపోతది. నెల నుంచి తల పైకెత్తితే లోకమంతా గిర్రున తిరుగుతున్నా, కళ్లు మూసుకునే ఎక్కుతున్నడు. నీరసమని ఊళ్లె ఆర్ఎంపీ మూడుసార్లు గ్లూకోజు ఎక్కించిండు.

అయినా తగ్గక మణుగూరు పోతే, అక్కడి డాక్టరమ్మ అతని తల కుడికి తిప్పి, వెనక్కి వాల్చి, అదురుతున్న కళ్లను చూసింది. తలను మెల్లగా ఎడమకు తిప్పి, పక్కకు దొర్లించి, లేపి కూచోబెట్టింది.

"చెవి లోపల సన్నటి రవ్వలు జారినయి, అందుకే తల తిరుగుతున్నది. సర్దిన. వారం దాక చెట్టెక్కొద్దు."

"గెల ఎండుతది గదమ్మా!"

"ఎండితే చెట్టు ఇంకోటేస్తది," అన్నది పెళ్లాం సోని. "నీకు ఇంకో నడుం మొలుస్తదా?"

ఇంటికొచ్చినంక పక్కింటి బాబూరావును పిలిచిండు. "వారం గీసిపెట్టు తమ్మీ," అని చెట్టు మొదట్లో కూలబడ్డడు. పైన బాబూరావు గెల గీస్తున్న చప్పుడు వినపడుతున్నా తల ఎత్తలేదు.