లిస్టులో లేని రెండు పుల్లలు

తప్పు మీది. స్టోరు గుమాస్తాదీ, పై అంతస్తులో కూర్చునే ఆఫీసరుదీ, వచ్చినప్పుడల్లా సంతకం పెట్టించుకుని పోయే రిపేరు కంపెనీదీ. కంప్యూటర్లో సిగ్నల్ అందుకునే కార్డు పాడైందని ఆర్నెల్లు ఊదరగొట్టారు. కార్డుకు ఏ రోగమూ లేదు. రోగం మీ బీరువాలో ఉంది. చదువుకున్న మీరెవరూ దాన్ని కనిపెట్టలేదు. వీధి చివర కొట్లో రేడియోలు బాగుచేసుకునే ఆడమనిషి ఒక్క పూటలో కనిపెట్టింది. ఎలాగో వినండి.

ఆవిడని అందరూ రేడియో అత్త అంటారు. మొగుడు బతికున్నప్పుడు పక్కన స్టూలేసుకుని కూర్చుని ఆ పని నేర్చుకుంది. ఇప్పుడు ఆయనకంటే బాగా చేస్తుంది, ఆ మాట అంటే మాత్రం అన్నవాళ్ళ మీదికి కర్రెత్తుకుని వస్తుంది. అందరి రేడియోలూ పలికించే ఆ మనిషి ఇంట్లో మనవరాలికి వినపడదు. దీపం కిందే చీకటంటే ఇదే. ఆ పిల్ల రేడియో స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, వేళ్ళకు అదురు తగిలినప్పుడల్లా నవ్వుతుంది. పాటంటే దానికి అదే.

చెవిలో యంత్రం అమర్చే ఆపరేషను పెద్దాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. కానీ పిల్లకు ఐదేళ్ళు నిండకముందే ఫారం చేరాలి. ఫారం మీ సర్కారు ఆఫీసు నుంచే వెళ్ళాలి, ఆఫీసులో ఈ ఒక్క కంప్యూటర్ నుంచే వెళ్ళాలి. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు కదా! అత్త రెండు నెలల కిందటే ఫారం ఇచ్చింది. పిల్లకు రేపటితో ఐదేళ్ళు నిండుతాయి.

పొద్దున్నే మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయిని అడిగింది.

"వెళ్ళిందా తల్లీ?"

"లేదత్తా. సిగ్నల్ లేదు. కార్డు పాడైంది."

"పోయిన నెలే కొత్తది వేశారన్నావు?"

"వేశారు. అదీ పాడైంది."

"అంతకుముందుది?"

"అదీ పాడైంది."

"వరసగా మూడు చచ్చాయా? ఇది ఆఫీసా, శ్మశానమా?"

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. మేడమెట్ల వైపు చూసి, చప్పుడు కాకుండా నవ్వింది. "ఇవాళ నాలుగోది తెస్తున్నారు. కూర్చోండి."

"పోనీ, వైరు లాగించలేరా?"

"సిగ్నల్ పెట్టె పైన సారు గదిలో ఉంది. వైరు రావాలంటే గోడకు కన్నం పెట్టాలి. కన్నానికి అనుమతి రావాలి."

ఆ అనుమతీ ఈ కంప్యూటర్ దారినే రావాలని అత్తకు అప్పుడే అర్థమైపోయింది.

పదిన్నరకు రిపేరాయన వచ్చాడు. కంప్యూటర్ పెట్టె పక్కరేకు తీశాడు. ఒక్క మర విప్పి అరచేతి పాటి పచ్చ కార్డును బయటికి లాగి, ఉఫ్ అని దుమ్ము ఊదాడు. దాని స్థానంలో కొత్తది పెట్టి, టక్కుమనేదాకా నొక్కాడు. కార్డుకు వెనకవైపు రెండు ఇత్తడి మొలకలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటికి వేలెడేసి నల్లపుల్లలు రెండు మరతిప్పి బిగించాడు. తెరమీద సిగ్నల్ నాలుగు గీతలూ వెలిగాయి.

అత్త చూపు మాత్రం పాత కార్డు మీద ఉంది. "బాబూ, దీనికి ఆ ఏరియల్ పుల్లలు లేవేం?"

"ఏమోనమ్మా. నేను వచ్చేసరికి ఎప్పుడూ ఉండవు. మా షాపులో వేరేవి తగిలించి చూస్తాం. బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"బ్రహ్మాండంగా పనిచేసేదాన్ని పాడైందని ఎందుకు పట్టుకుపోతున్నావయ్యా?"

"కార్డు మార్చమని రాశారు, మార్చాను. పుల్లల గురించి ఎవరూ రాయలేదే!" సంతకం పెట్టించుకుని చక్కా పోయాడు. పుండొకచోట, మందొకచోట.

కంప్యూటర్ అమ్మాయి గబగబా అత్త ఫారం తీసింది. అంతలో చంకలో అట్టఫైలుతో స్టోరు గుమాస్తా దిగాడు. బయటి మనిషెవరైనా వచ్చిపోతే సామాను సరిచూడటం ఆ ఆఫీసులో ఆనవాయితీ. ఆయన ఆ పనిలో నిప్పులాంటివాడు. గుండుసూది పోయినా రాత్రి నిద్రపోడట.

"ఎవరూ ముట్టుకోకండి. పెట్టె ఒకటి. తెర ఒకటి. కీబోర్డు ఒకటి. మౌసు ఒకటి. సరే." అని వెనక్కి వంగాడు. "ఇవిగో, మళ్ళీ వచ్చాయి." ఆ రెండు పుల్లలూ మరతిప్పి తీసి జేబులో వేసుకున్నాడు.

అత్త చివాల్న లేచింది. "అవెందుకు పీకుతున్నావు నాయనా?"

"లిస్టులో లేవమ్మా."

"నీ చెవులున్నాయా లిస్టులో? అవీ పీకి జేబులో వేసుకో మరి!"

"నామీద అరుస్తారేంటండీ? లిస్టులో లేనిదంతా అదనపు సామాను. బీరువాలో పెట్టాలి."

తెరమీద నాలుగు గీతలు మూడయ్యాయి. చూస్తూండగానే ఒకటైంది. అత్త ఫారం మూడోవంతు దాకా వెళ్ళి, ఎండలో ఎద్దులా మొండికేసింది.

"ఎప్పుడూ ఇంతేనత్తా," అంది అమ్మాయి నీరసంగా. "కార్డు మార్చిన రోజు కాసేపు వెలుగుతుంది. తర్వాత పడిపోతుంది. నాసిరకం కార్డులని మూడుసార్లు రాశాం."

"కాసేపంటే ఎంతసేపు తల్లీ? ఈయన వచ్చేదాకానా?"

ఆ అమ్మాయి చప్పున గుమాస్తా జేబువైపు తిరిగి చూసింది.

అత్త గుమాస్తా వెంటే స్టోరు గదికి నడిచింది. బీరువాలో ఒక గుడ్డసంచి, దానికి దారంతో కట్టిన చీటీ. ఆయన పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు: నల్లపుల్లలు, ఎనిమిది. అత్తకేసి తిరిగి గర్వంగా అన్నాడు: "చూడండి, ఆర్నెల్లలో ఒక్కటి పోనివ్వలేదు!"

"నీ జాగ్రత్త తగలెయ్య!" అని అత్త వేసిన కేకకు ఆఫీసరు మేడ దిగొచ్చాడు. సంగతి విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"చూడండమ్మా, లిస్టులో లేని వస్తువు టేబుల్ మీద ఉంటే తనిఖీలో నా మెడకు చుట్టుకుంటుంది. లిస్టు మార్చమని పైకి రాస్తాం."

"దేంట్లో రాస్తారు?"

ఆఫీసరు కంప్యూటర్ వైపు చూశాడు. తెరమీద ఒక గీత మినుకుమినుకుమంటోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందనుకుంది అత్త. మనవరాలు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆ పసిదానికి వినాలని ఉంది. వీళ్ళకు ఆ మాత్రం కూడా లేదు.

భుజాన ఉన్న పనిముట్ల సంచి విప్పింది. పటకారు, రాగి తీగ చుట్ట తీసి గుమాస్తా ముందు పెట్టింది.

"ఇవి ఎవరివి?"

"మీవే."

"మీ లిస్టులో ఉన్నాయా?"

"మీ సామాను మా లిస్టులో ఎందుకుంటుంది?"

"మరి మీ బీరువాలో పెట్టొచ్చా?"

గుమాస్తా ఇరకాటంలో పడ్డాడు. అట్టఫైలు తిరగేసి, వేలుపెట్టి చదివాడు. "బయటివారి సామాను... బయటివారి వద్దనే ఉండవలెను."

"ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను."

కంప్యూటర్ పక్కకు కుర్చీ లాక్కుంది. రెండు వేళ్ళ వెడల్పున తీగ తెగ్గొట్టింది. ఒక చివర పూత గీకి, ఇత్తడి మొలక నడుమ ఉన్న సన్నటి సూదికి చుట్టింది. చుట్టూ ఉన్న ఇత్తడికి తగలకుండా కాగితం ముక్క మడిచి దూర్చింది. రెండో దానికీ అంతే చేసింది. ఏం పోయిందీ? రెండు ముక్కల తీగ, ఐదు నిమిషాలు.

ఒక గీత రెండయింది. రెండు మూడయ్యాయి. అంతకుమించి ఎక్కలేదు గానీ, మూడు చాలు. ఫారం సగం వెళ్ళింది. ముప్పావు వెళ్ళింది. ఫారం అందినట్టు తెరమీద నంబరు పడింది.

"వెళ్ళిందత్తా!" అని అమ్మాయి కేకేసింది. పిల్లకు ఆ కేక వినపడలేదు. అది వచ్చి కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఫ్యాను అదురుతుంటే నవ్వింది. అత్త కళ్ళు తుడుచుకుంది.

ఇంకేం, ఇంటికి పోవచ్చు. ఆవిడ పనైపోయింది. సంచి కూడా సర్దింది. అప్పుడు కంప్యూటర్ అమ్మాయి మెల్లగా అంది: "అత్తా, మీరు వెళ్తే ఆ తీగ..."

"నాది. నాతోనే వస్తుంది."

అమ్మాయి ట్రేలోకి చూసింది. అత్తా చూసింది. అందులో ఇలాంటి చెవి ఆపరేషను ఫారాలు ఇంకా నలభై ఒకటి ఉన్నాయి. వాటిలో ఒక కాగితం మీద ఫోటోలో ఒక పిల్లాడు ముందు పళ్ళు లేకుండా నవ్వుతున్నాడు. అత్త సంచి మళ్ళీ కింద పెట్టింది. "కానియ్ తల్లీ. నేను లేవను."

ఒక్కొక్కటే వెళ్ళసాగాయి. పదిహేనో, పదహారో వెళ్ళాక తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి: వయసు దాటింది, తీసుకోబడదు. సాయంత్రానికి ముప్పై ఏడు వెళ్ళాయి. నాలుగు ఎర్రబడ్డాయి. ఆ పళ్ళులేని పిల్లాడిది కూడా.

అత్త ఆ నాలుగూ చేతిలోకి తీసుకుంది. నాలుగింటి మీదా ఈ ఆఫీసు ముద్రే ఉంది. అన్నీ ఐదేళ్ళు నిండకముందు ఇచ్చినవే. ఒకటైతే నాలుగు నెలల ముందే వచ్చింది.

గుమాస్తా గోడగడియారం చూశాడు. ఆఫీసరు తాళాలు గలగలలాడించాడు. "ఇక వేళయిందమ్మా. ఆ నలుగురి సంగతి తర్వాత పైకి రాస్తాం."

"తర్వాత కాదు. ఇప్పుడు మూడు గీతలున్నాయి. మీరొచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. ఈ నలుగురూ గడువులోపే వచ్చారని, ఆపింది మేమేనని, ముద్ర మీదున్న తారీఖే లెక్కలోకి తీసుకోవాలని రాయండి. కింద మీ పేరు పెట్టండి. పుల్లలు రెండూ లిస్టులో ఎక్కించమనీ రాయండి. ఇదిగో, గుమాస్తాగారూ, ఆ గుడ్డసంచి తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టండి. అది వెళ్ళి నంబరు పడేదాకా నా తీగ తియ్యను, నేనూ లేవను. ఊ, కూర్చోండి సార్. రాయండి."