ఎవరో కుట్టిన చెయ్యి

"ఆ రైలింజను మీద దుమ్ము చూడు అబీ. సుభాషిణి గారి బొమ్మల ఫోటోలు ఎంత పెద్దవి చేసి చూసినా దుమ్ము కనపడదు" అన్నాడు కిషోర్ బాబు. అప్పటికి నేను ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా వంకాయలు తరుగుతున్నాను.

కిషోర్ బాబు నా భర్త. అబీ అని పిలిచేది నన్నే. కావలిలో హైస్కూల్లో సైన్సు చెబుతాడు. పదేళ్ళుగా పాత బొమ్మలు పోగు చేస్తున్నాడు. రేకు కార్లు, తాళం తిప్పితే గెంతే కోతులు, రబ్బరు పిల్లలు, చెక్క ఏనుగులు, ఏది కనిపిస్తే అది. ముందుగది నిండిపోయి, నా బట్టల బీరువాలో రెండు అరలు కూడా వాటికే పోయాయి. కాలేజీ ఆఫీసులో పొద్దంతా పనిచేసి వచ్చాక మెత్తని బ్రష్షుతో వాటిని తుడవడం, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నూనెగుడ్డ రాయడం నా పని. చేతకావడం లేదని ఒకసారి అంటే, "వాడు తాగి తిరగడంలేదు గదా అమ్మాయ్. నాలుగు బొమ్మలు తుడిస్తే అరిగిపోతావా?" అంది మా అత్త. ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు.

సుభాషిణి పేరు మా ఇంట్లోకి ఏడాది క్రితం వచ్చింది. ఆమెది సూళ్లూరుపేట. రైల్వే బుకింగ్ కౌంటరులో ఉద్యోగం. పాత బొమ్మలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈయనకు పరిచయమైంది. ఇక రోజూ ఆమె మాటే. మంచిదేదో పట్టే కన్ను ఆమెకుందట, ఏది పడితే అది కొనదట. ఒకరోజు ఆమె పెట్టిన ఫోటోను ఫోనులో పెద్దది చేసి చూస్తూ అన్నం తిన్నాడు. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైన సంగతి ఆయనకు తెలియనే లేదు. మామూలుగా అయితే ఆ ఉప్పు గురించి వారం రోజులు వినాల్సి వచ్చేది.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తెరిచాను. సిగ్గుపడుతూనే మొత్తం చదివాను. "ఈ చిలక ముక్కు ఒరిజినలేనా?" "కాదండీ, రంగు కొత్తది." అన్నీ ఇలాంటివే. నాకు ఊరట కలగాలి. కలగలేదు సరికదా, లోపల మంట ఇంకా పెరిగింది. అన్ని నెలల మాటల్లో ఆమె వంట గురించి రాయలేదు, ఇంట్లోవాళ్ళ గురించి రాయలేదు. తనకు నచ్చింది, నచ్చనిది, అంతే. ఒకచోట మా ఆయన ఏదో రేకు పడవ చూపిస్తే, "బాగుందండీ, కానీ నాది కాదు" అని రాసింది. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. నలభై రెండేళ్ళలో నేను దేన్నైనా అలా కాదన్నానా? నాదని దేన్నైనా అన్నానా? ఆమె నా భర్తను తీసుకుపోతుందని కాదు నా ఏడుపు. ఆమె దగ్గర ఆ మాట ఉంది, నా దగ్గర లేదు.

పోయిన డిసెంబరులో మా ఆయన ఆమె బొమ్మలు చూడటానికి బయలుదేరుతూ, "ఒక్కడినే పోతే బాగుండదు, నువ్వూ రా" అన్నాడు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానా అని రైలెక్కినప్పటి నుంచీ నన్ను నేనే తిట్టుకున్నాను. తీరా ఆమె వెలిసిన నూలుచీరలో, కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని తలుపు తీసింది. అలమర నిండా బొమ్మలుంటాయనుకున్నాను. మూడు అరలే ఉన్నాయి. అన్నీ పక్షులే. మూడో అర సగం ఖాళీ. మా ఇంట్లో అగ్గిపెట్టె పెట్టడానికి చోటు లేదు, ఈమె ఖాళీని కూడా అద్దాల వెనక దాచుకుంది.

"పక్షులే ఎందుకు?" అని అడిగాను.

"ముందు అన్నీ కొనేదాన్నమ్మా. ఇల్లు మారేటప్పుడు అన్నిటినీ లారీలో వేసి, పక్షుల్ని మాత్రం ఒళ్ళో పెట్టుకున్నా. అప్పుడు తెలిసింది. మిగతాయి ఇచ్చేసినా" అని, "మీరేం దాచుకుంటారు?" అంది.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన నవ్వాడు. "ఆమా? దుమ్ము దాచుకుంటది."

సుభాషిణి కూడా నవ్వింది. మర్యాదకే కావచ్చు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదనుకున్నాను.

వాళ్ళిద్దరూ రేకు నెమలి దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే నేను తలుపు పక్కనున్న అట్టపెట్టె దగ్గర కూర్చున్నాను. పక్షులతో కలిపి కొన్నప్పుడు వచ్చిన వేరే బొమ్మలు అందులో పడేసి ఉన్నాయి. ఒక రబ్బరు పాప చేతికి తగిలింది. దాని కుడిచెయ్యి ఎప్పుడో ఊడిపోయినట్టుంది. ఆ చోట పాతచీర ముక్కతో చేసిన చెయ్యి. దూది కూరి, చేపల వల అల్లే దారంతో కుట్టారు. ఐదు వేళ్ళూ విడివిడిగా ఉన్నాయి. చిటికెనవేలు కూడా. గుడ్డ మడిచి కుట్టేస్తే ఆడుకునే పిల్లకు సరిపోయేది. ఐదు వేళ్ళు ఎవరడిగారు? ఎవరో ఒకామె, గిన్నెలు తోమి, ఇల్లు సర్ది, చేతుల తడి తుడుచుకుని, ఎవరూ అడగని ఆ వేళ్ళను కూర్చుని కుట్టింది. ఆ చిటికెనవేలును నా రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

"అది డ్యామేజి అబీ, కింద పెట్టు" అన్నాడు మా ఆయన.

"ఇది నాకు కావాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సుభాషిణి వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. "ఎందుకని?"

"ఎవరో బాగుచేసినారు."

బొమ్మను అందుకుని చాలాసేపు చూసింది. "నాలుగేళ్ళుగా ఈ పెట్టెలోనే ఉంది. వేళ్ళు నేను చూడలా" అంది నెమ్మదిగా. ఆ కళ్ళలో నామీద కాస్త కుళ్ళు కనిపించింది. నిజం చెప్పాలంటే, హాయిగా అనిపించింది.

"తీసుకోండి. ఒకటి చెప్తా, పగిలినవన్నీ తెచ్చుకోబాకండి" అంది. ఆమె ఇచ్చిన కాఫీ తాగి బయలుదేరాను.

ఇంటికొచ్చాక అటకమీద మా ఆయన పనికిరావని పడేసిన పెట్టె దించాను. ఒక రేకు లారీకి చెప్పు రబ్బరు కోసి చక్రం తగిలించారు. అది తీసుకున్నాను. తల ఊడిన కోతిని ఎవరూ బాగుచెయ్యలేదు, వదిలేశాను. గుర్రం కాలు అతికి ఉంది, కానీ పైన కొత్త రంగు. అమ్మడానికి చేసిన పని అది. "బాగుంది, కానీ నాది కాదు" అన్నాను పైకే. తర్వాత నా బీరువాలోంచి కార్లన్నీ తీసి భోజనాల బల్లమీద పెట్టాను.

"ఇవెక్కడ పెట్టేది?" అన్నాడు.

"మీ ఇష్టం" అన్నాను.

నెల తర్వాత సుభాషిణి నాకు ఫోను చేసింది. సంగం ఊళ్ళో తన స్నేహితురాలి బంధువుల ఇంట్లో ఒక చెక్క ఎద్దు ఉందని చెప్పింది. "చూడంగానే మీరే గుర్తొచ్చినారు" అంది. శనివారం బస్సు మారి ఒక్కదాన్నే వెళ్ళాను. వరి పండించే కుటుంబం. డెబ్భై దాటిన ఇంటి పెద్దావిడ ఎద్దును తెచ్చి నా చేతిలో పెట్టింది. విరిగిన ముందుకాలికి వెదురుబద్ద పెట్టి, సన్నటి పురికొసతో వరసలు తప్పకుండా చుట్టి ఉంది.

"ఇది ఎవరు కట్టినారు పెద్దమ్మా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "నేనే. మా పాప ఒకటే ఏడుపు. కోతల రోజులు. పొలం నుంచొచ్చి కూర్చోని కట్టినా. మూడుసార్లు ఇప్పి కట్టినా, నిలబడాల గదా. ఎద్దు ఎక్కడ కొన్నారని అడిగినోళ్ళు ఉండారు గానీ, ఇది అడిగినోళ్ళు లేరమ్మా."

నేను సంచిలోంచి నోటుపుస్తకం తీస్తుండగా ఫోను మోగింది. మా ఆయన.

"ఆ ఎద్దు సంగతి సుభాషిణి గారు నీకే ఎందుకు చెప్పింది? ఆమె నాకు గదా పరిచయం! నాకొక మాట చెప్పొచ్చు గదా?"

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. ఏడాదిపాటు నేను మోసిందే. ఒక్క క్షణం జాలి కూడా వేసింది.

"తర్వాత మాట్లాడతానండీ. పనిలో ఉండాను" అని ఫోను పెట్టేసి, కలం మూత తీశాను. "పేరు చెప్పండి పెద్దమ్మా, రాసుకుంటా."

"మా ఆయనదా?"

"కాదు. కాలు కట్టినామెది."

ఆమె కొంగు భుజం చుట్టూ సర్దుకుని, నిటారుగా కూర్చుని, ఒక్కో అక్షరం నాకు అందేలా చెప్పింది. "ఆదిశేషమ్మ."